లేని బి సెక్షన్

అఖిల చేసే ఉద్యోగం చదవడం. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం ఎనిమిదో అంతస్తులో, ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా, రాసినవాళ్లూ పట్టా ఇచ్చినవాళ్లూ కూడా మళ్లీ తెరిచి చూడని పరిశోధన గ్రంథాలను ఆమె అట్ట నుంచి అట్ట దాకా చదివేది. ఆ సంగతి చెబితే తల్లి సత్తెమ్మ మొదట నమ్మలేదు. "చదువు చెప్తే జీతమిస్తరు గని, చదివితే ఎవడిస్తడే?" అంది.

వాళ్లది బోరబండ. సిద్దిపేట వైపు నుంచి ముప్పయ్యేళ్ల కిందట వచ్చిన కుటుంబం. తండ్రి పెంటయ్య బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసి, కళ్లు మందగించాక ఒక గోదాం గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి అఖిల. ఆ తర్వాత బి.ఇడి. చేసి, ఒక ప్రైవేటు బళ్లో మూడేళ్లు పాఠాలు చెప్పింది. ఆ బడి మూతపడ్డాక, ఇరవై తొమ్మిదో ఏట, ఈ పని దొరికింది.

ఒక పెద్ద కంపెనీ దానధర్మాల విభాగం నిధులిస్తే, ఆ ఎనిమిదో అంతస్తు వాళ్లు 'రుజువు' అనే పోర్టల్ తయారుచేస్తున్నారు. ఆలోచన మంచిదే. ఎక్కడో మారుమూల బళ్లో ఉన్న టీచరు ఫోన్ తెరిచి తన కష్టం ఏమిటో టైప్ చేస్తే, ఆ కష్టం మీద మన రాష్ట్రంలో ఎవరు ఏ పద్ధతిని ఎంతమంది పిల్లల మీద ప్రయత్నించారో, ఫలితం ఏమైందో, నాలుగు ముక్కల్లో తెలుగులో కనిపించాలి. పక్కన ఒక రంగు గుర్తు. ఆకుపచ్చ అయితే నమ్మవచ్చు. పసుపు అయితే జాగ్రత్త. ఎరుపు అయితే వదిలేయవచ్చు. ఒక్కో థీసిస్ చదివి, ఆ నాలుగు ముక్కలు రాసి, రంగు సూచించడం అఖిల పని.

మొదటి మూడు నెలలు ఆమెకు ఆ పని మీద ఎంత ప్రేమ అంటే, ఎంఎంటీఎస్ రైల్లో నిలబడి కూడా వెతుకుడు మాటల జాబితా రాసుకునేది. ప్రాజెక్టు చూసే రవికిరణ్‌ది కాకినాడ. మెత్తని మనిషి, ఎవరి మీదా గొంతు లేపడు. ఒకరోజు ఆమె అతని దగ్గరికి వెళ్లి చెప్పింది.

"సార్, ఏ టీచరూ 'గణిత అభ్యసన వైకల్యం' అని కొట్టదు. 'పిల్లలు ఎక్కాలు మర్చిపోతున్నరు' అని కొడతది. మన పోర్టల్ల అట్ల కొడితే ఏమీ వస్తలేదు."

రవికిరణ్ అప్పటికప్పుడు ఆ మాటలు కొట్టి చూశాడు. తెర తెల్లగా ఉండిపోయింది. "భలే పట్టావమ్మా" అని నవ్వి, ఆ జాబితా మొత్తం డెవలపర్లకు పంపించాడు. రెండు వారాల్లో 'ఎక్కాలు', 'చూచిరాత', 'బడి మానేస్తున్నారు' లాంటి మాటలు కొడితే ఫలితాలు రావడం మొదలైంది. ఆరోజు అఖిల ఇంటికి మిఠాయి తీసుకెళ్లింది.

తర్వాత లోపలి సరుకు ఏమిటో మెల్లగా తెలిసివచ్చింది.

మొదట దొరికింది ఎక్కాల బోధన మీద ఒక థీసిస్. కృతజ్ఞతల పేజీలో రాసినాయన తన భార్యకు ధన్యవాదాలు చెప్పుకున్నాడు. అఖిల అంతకు ముందు వారం చదివిన మరో థీసిస్‌లో ఇంకో ఆయన కూడా అదే భార్యకు, అదే పేరుతో, అవే మాటల్లో ధన్యవాదాలు చెప్పుకున్నాడు. ఆమె పకపకా నవ్వి పక్క సీటు నీహారికకు చూపించింది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి తిప్పితే నవ్వు ఆగిపోయింది. ఒకటి గిరిజన హాస్టల్ పిల్లల మీద, ఇంకోటి పట్నం ప్రైవేటు బడుల మీద. రెండింట్లోనూ సగటు మార్కులు ముప్పై ఒకటి పాయింట్ నాలుగు ఆరు. ప్రతి పట్టికలో ప్రతి అంకె అదే. అడవిలో ఉన్న పిల్లకీ అమీర్‌పేటలో ఉన్న పిల్లకీ దశాంశ స్థానం దాకా ఒకటే తెలివి.

ఆ రెండింటికీ ఎరుపు పెట్టింది. ఆ నెలలో ఇంకో పదిహేడింటికి పెట్టింది. తెలుగు వ్యాకరణం మీద థీసిస్‌లో ఒక అధ్యాయమంతా 'ప్రయోగశాల పరికరాలు' అని ఉంది. ఇంకొకదానిలో పిల్లలను అడిగిన ప్రశ్నల కాగితం ఉండాల్సిన చోట ఎవరిదో పెళ్లి శుభలేఖ స్కాన్ అయి ఉంది. పరీక్షకులు ముగ్గురు సంతకాలు చేసి 'మిక్కిలి ప్రశంసనీయం' అని రాశారు. ఆమె మధ్యాహ్నం టిఫిన్ డబ్బా సగం తిని మూసేసేది.

రవికిరణ్ పిలిచాడు.

"అఖిలా, నీ పని మీద నాకేం అనుమానం లేదు. కానీ నాలుగొందల అధ్యయనాలతో విడుదల చేస్తామని మాటిచ్చాం. నువ్విలా వరుసగా ఎరుపు పెడుతూపోతే పోర్టల్ ఖాళీగా కనిపిస్తుంది."

"ఖాళీగ ఉంటే ఖాళీ అని చూపిద్దాం సార్. అది కూడా ఒక సంగతే కద."

"నిధులిచ్చేవాళ్లకి ఖాళీ చూపించలేం కదమ్మా" అన్నాడతను, నిజంగానే బాధపడుతూ.

ఆ వారమే రంగుల నియమాలు మారాయి. మార్చింది సలహా మండలి అధ్యక్షుడు ప్రొఫెసర్ ఉదయ్ భాస్కర్. తెల్లని ఖాదీ చొక్కా, సన్నని గొంతు, ప్రతి ఆడపిల్లనీ 'తల్లీ' అని పిలిచే అలవాటు. ఇక మీదట చదివిన మనిషి అభిప్రాయంతో రంగు పడదట, పాతవాటికీ ఇదే లెక్కట. థీసిస్‌లో ప్రయోగం చేసిన తరగతి ఒకటీ, పోల్చి చూడడానికి మామూలుగా చదివిన తరగతి ఒకటీ ఉన్నాయా, లెక్క సరిపోయిందా అని గడులు నింపితే చాలు, ఆకుపచ్చ దానంతటదే పడుతుంది. పుస్తకంలో ఉన్నట్టు నింపాలి. నిజమా కాదా అని అడిగే గడి ఆ ఫారంలో లేదు. అట్టడుగున 'పరిశీలకుల వ్యాఖ్య' అని చిన్న గడి మాత్రం మిగిలింది. దాన్ని ఎవరూ తీసేయలేదు, బహుశా మర్చిపోయి ఉంటారు. చదివినవాళ్ల పేరు మాత్రం ప్రతి అధ్యయనం కింద పడాలి.

జూలై రెండో వారంలో, బయట ముసురు పట్టి ఉన్న ఒక మధ్యాహ్నం, ఆమె వంతుకు ఉదయ్ భాస్కర్ గారి సొంత థీసిస్ వచ్చింది. 'కథల ద్వారా భిన్నాల బోధన.' పట్టా వచ్చిన సంవత్సరం రెండు వేల పది. ఈ పద్ధతి పేరు ఆమె అంతకుముందే విన్నది. ఆయన దాని మీద శిక్షణలు ఇస్తాడు, పుస్తకాలు వేశాడు, టీవీలో మాట్లాడాడు. ఆయన పేరు ప్రతిష్ఠలన్నీ ఈ థీసిస్ మీదే నిలబడ్డాయి. ఆమె కాస్త గౌరవంగానే తెరిచింది.

నలభై మూడో పేజీలో, ప్రయోగం జరిగిన బడి పేరు ఉంది.

బోరబండలో, రైలు పట్టాలకు అవతల ఉన్న సర్కారు బడి. రెండు వేల ఎనిమిది జూన్ నుంచి పన్నెండు వారాలు. ఏడో తరగతి ఎ సెక్షన్‌లో ముప్పై మందికి కథల పద్ధతి. బి సెక్షన్‌లో ముప్పై మందికి మామూలు పద్ధతి.

రెండు వేల ఎనిమిది జూన్‌లో అఖిల ఆ బడిలోనే ఏడో తరగతి చదివింది.

ఆమె మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. ఎ సెక్షన్, బి సెక్షన్. వాళ్ల తరగతికి సెక్షన్లు ఎక్కడివి? ఉన్నది ఒకటే గది, నలభై మంది చిల్లర, వెనకవాళ్లకు బల్లలు లేక నేల. పేజీలు ముందుకు తిప్పింది. పిల్లలు 'ఉత్సాహంగా పాల్గొన్నారు' అని ఉంది. లెక్కల ఉపాధ్యాయుడు 'పూర్తి సహకారం అందించారు' అని ఉంది. చివర అనుబంధంలో ఒక ఫొటో. ఇరవై మంది పిల్లలు వరుసగా కూర్చున్నారు. అందరికీ టైలు, మెరిసే బూట్లు. వాళ్ల బళ్లో ఆ ఏడు చెప్పులున్నవాళ్లు సగం మందే. టై అనే వస్తువును అఖిల మొదటిసారి దగ్గరగా చూసింది ఇంటర్ కాలేజీ ప్రిన్సిపాల్ మెడలో.

ఆమె లేచి బాత్రూంకి వెళ్లింది. మొహం కడుక్కుని బయటికి వస్తే మెట్ల దగ్గర స్వాతి కనిపించింది.

స్వాతి ఆ భవనంలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఇద్దరిదీ ఒకే బస్తీ, ఒకే తరగతి. స్వాతి లెక్కల్లో తప్పి, ఎనిమిది మధ్యలో బడి మానేసి, పదిహేడో ఏట పెళ్లి చేసుకుంది. ఆఫీసులో వీళ్ల స్నేహం సంగతి ఎవరికీ తెలియదు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు.

"స్వాతీ, ఏడోల మనకు బి సెక్షన్ ఉండెనా?"

స్వాతి తుడుపు కర్రను గోడకు ఆనించింది. "ఏ బి సెక్షన్? పక్క రూంల బియ్యం బస్తాలుండె గదనే. ఎలుకలు తిరుగుతుండె. ఏమాయె?"

"లెక్కల సారు ఎప్పుడొచ్చిండు?"

"జనవరి దాక దిక్కులేదు. హిందీ టీచరమ్మ వచ్చి చప్పుడు చెయ్యకున్రి అని కూసునేది. అంతెందుకు, నువ్వు నోట్సుల వెనుక బొమ్మలేస్తుంటివి."

అఖిల జరిగింది చెప్పింది. పన్నెండు వారాలు కథలు చెప్పారట, భిన్నాలు నేర్పారట, పరీక్ష పెట్టారట, మార్కులు పెరిగాయట. స్వాతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అయితె గా పుస్తకంల నేను పాసయిన్నా?"

"అందరు పాసయిన్రు."

"మంచిగుంది" అంది స్వాతి. నవ్వు మొహం మీద అలాగే ఉంది గానీ కళ్లలో లేదు. బకెట్ ఎత్తుకుంది. "మా అత్తకు చూపియ్యాలె గా కాగితం. ఏం రాదు దీనికి, ఏం రాదు అంటది రోజు."

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. అప్పటిదాకా అఖిలకు కలిగింది చదువుకున్నవాళ్ల దొంగతనం మీద ఏవగింపు. ఇప్పుడు కలిగింది వేరు. ఎవరో తమ గదిలోకి, తమ లేమిలోకి వచ్చి, అక్కడున్న మనుషులను పక్కకు నెట్టి, వాళ్ల పేరు మీద టైలు కట్టుకున్న పిల్లలను కూర్చోబెట్టి వెళ్లారు.

శనివారం ఆమె పాత బడికి వెళ్లింది. ప్రధానోపాధ్యాయురాలు జయంతి గారు భీమవరం వైపు మనిషి, ఆ బడికి వచ్చి నాలుగేళ్లే అయింది. పాత విద్యార్థినని చెబితే కుర్చీ వేసి టీ తెప్పించింది. విషయం విన్నాక ఇనప బీరువా తెరిచింది. చెదలు కొట్టిన కట్టలు, బొద్దింకల వాసన. అడుగు నుంచి రెండు రిజిస్టర్లు లాగి బల్ల మీద దులిపింది.

"ఫొటోలు తీయకండమ్మా. కావలిస్తే చూసి రాసుకోండి. నేను చూపించానని మాత్రం అనకండి."

ఏడో తరగతి, రెండు వేల ఎనిమిది తొమ్మిది. సెక్షన్ అన్న చోట గీత. నలభై ఒక్క పేర్లు. పందొమ్మిదో పేరు తనది, ముప్పై ఎనిమిదోది స్వాతిది. రెండో రిజిస్టర్‌లో ఉపాధ్యాయుల వివరాలు. గణితం: ఏప్రిల్ నుంచి జనవరి పన్నెండు దాకా ఖాళీ. అఖిల ఒక తెల్ల కాగితం మీద అంకెలన్నీ రాసుకుంది.

"ఆ పద్ధతి మాకు కిందటేడు శిక్షణలో చెప్పారండి" అంది జయంతి గారు రిజిస్టర్లు మూస్తూ. "రెండ్రోజులు. మన బళ్లోనే మొదట విజయవంతమైందని మా అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. నేను లేచి నమస్కారం కూడా పెట్టానండి." ఆమె మొహం అదోలా అయింది. "తరగతిలో అది నడవట్లేదమ్మా. మాకే చేతకావట్లేదేమో అనుకున్నాను ఇన్నాళ్లూ."

సోమవారం అఖిల ఆ కాగితం రవికిరణ్ ముందు పెట్టింది. అతను రెండుసార్లు చదివి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పదిహేడేళ్ల కిందటిది అఖిలా. ఇప్పుడు దీన్ని తవ్వితే ఎవరికి లాభం?"

"ఇప్పుడు దీనికి ఆకుపచ్చ పెడ్తున్నం సార్. పదిహేడేళ్ల కింద కాదు."

"ఉదయ్ భాస్కర్ సార్‌తో మాట్లాడదాం. గురువారం వస్తారు. నేనే మాట్లాడతాను, సరేనా?"

గురువారం సమావేశంలో రవికిరణ్ మాట్లాడిన తీరు వేరు. "సార్, ఒక తమాషా. మా అఖిల మీరు ప్రయోగం చేసిన బళ్లోనే చదివిందట, అదే ఏడాది" అన్నాడు. అంతే అన్నాడు.

ఉదయ్ భాస్కర్ మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. వెంటనే వెలిగిపోయింది. కుర్చీలోంచి లేచి వచ్చి అఖిల తల మీద చెయ్యి పెట్టాడు.

"అయితే నువ్వు నా శాంపిల్‌వన్నమాట తల్లీ! చూశారా రవికిరణ్, బోరబండ బస్తీ పిల్ల. నా కథలు విన్న పిల్ల. ఈరోజు ఇక్కడ కూర్చుని ఉంది. ఇంతకంటే రుజువు ఏం కావాలి మనకి?"

బల్ల చుట్టూ ఉన్న ఎనిమిది మంది చప్పట్లు కొట్టారు. ఆ చెయ్యి వెచ్చగా, కాస్త తడిగా ఉంది. జుట్టు మీద నుంచి అది తీసేదాకా అఖిల ఆగింది.

"సార్, మాకు ఆ ఏడు లెక్కల సారే లేడు" అంది. గొంతు ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "బి సెక్షన్ కూడ లేదు. మొత్తం నలభై ఒక్కమందిమి. మీ థీసిస్‌ల అరవై మంది ఉన్నరు."

ఉదయ్ భాస్కర్ చిరునవ్వు చెదరలేదు. "చిన్నపిల్లవి. పన్నెండేళ్ల వయసులో ఏం గుర్తుంటుంది? బడుల రికార్డులంటావా, ఎప్పుడు సరిగ్గా ఏడ్చాయి గనక." అందరూ నవ్వారు. తర్వాతి అంశం విడుదల సభ.

సమావేశం అయ్యాక లిఫ్ట్ దగ్గర ఆయన ఆగాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. గొంతు తగ్గించి, నిజంగా సొంత మనిషితో మాట్లాడుతున్నట్టే అన్నాడు.

"ఆ రోజుల్లో అందరం అలాగే చేశాం తల్లీ. గడువు దగ్గర పడింది, అనుమతి కాగితం రాలేదు, మా గైడుకి చదివే తీరిక లేదు. ఏదో ఒక బడి పేరు రాయాలి కదా. కానీ పద్ధతి మంచిది. పని చేస్తుంది."

"పని చేస్తదని ఎట్ల తెలుసు సార్?"

ఆయన అర్థంకానట్టు చూశాడు. "పదిహేనేళ్లుగా నేనే చెబుతున్నాను కదమ్మా" అన్నాడు. లిఫ్ట్ వచ్చింది. ఎక్కి, తలుపులు మూసుకునేలోపు, 'ఉంటాను తల్లీ' అని చెయ్యి ఊపాడు.

ఆయన ఇక్కడ కూడా అబద్ధమాడి ఉంటే ఆమెకు ఇంత రోత పుట్టేది కాదు. ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం వల్ల ఏమీ జరగదని తెలిసి, వాన పడుతోందని చెప్పినంత తేలికగా ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆమెకు మెయిల్ వచ్చింది. విడుదల సభలో అఖిల మూడు నిమిషాలు మాట్లాడాలి. మాటలు నీహారిక రాసి పంపింది. 'ఏడో తరగతిలో నాకు భిన్నాలంటే భయం. ఆ కథలు నా భయాన్ని పోగొట్టాయి. ఒక సర్ నమ్మకం ఒక బస్తీ పిల్ల జీవితాన్ని మార్చింది.' కింద గమనిక: చీర కట్టుకుంటే బాగుంటుంది, నాన్నగారు యూనిఫాంలో వస్తే ఇంకా బాగుంటుంది.

ఆ చివరి వాక్యం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. తన తండ్రి కాపలా చొక్కా వేసుకుని వచ్చి, మొదటి వరుసలో కూర్చుని, ఈ మనిషికి దండం పెట్టాలి. పెడతాడు కూడా. బిడ్డకు మేలు చేసిన సారు అంటే వంగి మరీ పెడతాడు.

"ఇది నువ్వే రాసినవా?" అని నీహారికను అడిగింది.

"రవి సార్ చెప్పారే. బాగా రాలేదా?" అంది నీహారిక. ఆమె అమాయకంగానే అడిగింది.

అఖిల ఆ థీసిస్ ఫారం తెరిచింది. గడులన్నీ పుస్తకంలో ఉన్నట్టే నింపింది, నియమం ప్రకారం. ఆకుపచ్చ దానంతటదే పడింది. అట్టడుగున మిగిలిన వ్యాఖ్య గడిలో ఇలా రాసింది: 'ఈ బడిలో ఆ సంవత్సరం ఏడో తరగతికి బి సెక్షన్ లేదు. మొత్తం పిల్లలు నలభై ఒక్కరు. పన్నెండు వారాలూ లెక్కల ఉపాధ్యాయుడు లేడు. ఈ ప్రయోగం జరగలేదు. నేను ఆ తరగతి విద్యార్థిని.' తన పేరు సరిచూసుకుని, సమర్పించు అన్న బటన్ నొక్కింది. సభకు రానని రవికిరణ్‌కు రెండు ముక్కల మెయిల్ పెట్టింది. కారణం రాయలేదు.

సెప్టెంబర్ మొదటి వారంలో పోర్టల్ విడుదలైంది. ఆమె లేకుండానే సభ జరిగింది. మూడు వందల తొంభై ఆరు అధ్యయనాలు, మూడు వందల పన్నెండు ఆకుపచ్చ. ఆమె రాసిన వ్యాఖ్యను ఎవరూ చదవలేదు గనక అది కూడా అందరితో పాటు విడుదలైపోయింది. నాలుగు రోజులు ఉంది. ఆ నాలుగు రోజుల్లో ఆ పేజీని ముప్పై ఏడుమంది తెరిచారు. రెండో రోజు జయంతి గారు ఫోన్ చేసి, "చూశానమ్మా" అంది. తర్వాత ఇంకేదో అనబోయి, "తరగతి ఉందండి, పెట్టేస్తాను" అంది.

ఐదో రోజు అఖిల లాగిన్ పనిచేయలేదు. రవికిరణ్ గదిలోకి పిలిచాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాతో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది."

"చెప్పిన సార్. కాగితం కూడ ఇచ్చిన."

అతను బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లించాడు. "సార్ చాలా నొచ్చుకున్నారు. పైవాళ్లు నిన్ను తీసేయమన్నారు, నేనే వద్దన్నాను. వేరే ప్రాజెక్టు ఉంది. బూట్ల కంపెనీ కేటలాగు. అక్కడికి మారిపో. జీతం అదే."

"ఆ థీసిస్?"

"ఉంటుంది. వ్యాఖ్య తీసేశాం. నీ పేరు కూడా తీసేశాం, నీకు ఇబ్బంది లేకుండా."

ఆమె ఆ బూట్ల పని తనకొద్దని చెప్పి, బ్యాగులో డబ్బా, గొడుగు వేసుకుని దిగిపోయింది. మెట్ల దగ్గర స్వాతి కోసం చూసింది. ఆరోజు స్వాతిది రెండో షిఫ్టు.

ఇంట్లో గొడవ అయింది. పెంటయ్య చొక్కా తొడుక్కుని బయటికి పోయాడు. సత్తెమ్మ మాత్రం చేతిలో గరిటెతోనే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"గాయన దొంగయితె నువ్వెందుకే బిడ్డా నౌకరి ఇడిసేది? ఇడువాల్సింది ఆయన గద?"

వారం రోజులు తల్లి అదే మాట కూర పొయ్యి మీదకి ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి అంటూనే ఉంది.

దసరా సెలవులయ్యాక నానక్‌రామ్‌గూడలో ఒక చిన్న ప్రైవేటు బళ్లో పని దొరికింది. చుట్టూ నలభై అంతస్తుల టవర్లు, మధ్యలో రేకుల కప్పు బడి, ఆ టవర్లు కట్టడానికి వచ్చినవాళ్ల పిల్లలు. నాలుగో తరగతికి అన్నీ తనే చెప్పాలి. పిల్లలకు ఎక్కాలు రావు. ఒకరోజు మధ్యాహ్నం, పాత అలవాటుకొద్దీ, ఫోన్‌లో రుజువు తెరిచి 'పిల్లలు ఎక్కాలు మర్చిపోతున్నారు' అని కొట్టింది. ఆమె కుదిర్చిన మాటలే కాబట్టి చక్కగా పనిచేశాయి. మొదటి ఫలితం అడవిలోనూ అమీర్‌పేటలోనూ ముప్పై ఒకటి పాయింట్ నాలుగు ఆరు తెచ్చిన ఆ రెండు థీసిస్‌లలో ఒకటి. పక్కన ఆకుపచ్చ. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, చింతగింజలు తెమ్మని పిల్లలకు చెప్పింది. రేపటి నుంచి గింజలు పోసి లెక్కపెట్టిద్దాం, నెల తర్వాత ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో రాసిపెట్టుకుందాం అనుకుంది.

నవంబరులో ఆ బడికి కూడా కథల పద్ధతి శిక్షణ వచ్చింది. ఒక పూట కార్యక్రమం, చుట్టుపక్కల ఆరు బళ్ల టీచర్లు. ఉదయ్ భాస్కర్ రాలేదు, ఆయన ఫొటో ఉన్న పుస్తకాలు వచ్చాయి. నడిపించినాయన పేరు సురేంద్ర, వరంగల్ మనిషి, చలాకీగా పాటలు పాడాడు, సమోసాలు పంచాడు, చివర్లో తలా ఒక కాగితం ఇచ్చాడు. 'ఈ పద్ధతి వల్ల మీ తరగతిలో నూటికి ఎంతమంది పిల్లలు మెరుగయ్యారు?'

అఖిల పక్కనున్న టీచరు వంద అని రాసి, సంతకం పెట్టి, సమోసా కాగితం మడుస్తోంది. ముందు వరుసలోనూ వందలే.

అఖిల సున్నా రాసింది. పక్కన, 'ఇంకా మొదలుపెట్టలేదు' అని రాసింది.

సురేంద్ర కాగితాలు సర్దుకుంటూ అది చూసి నిలబడ్డాడు.

"ఏంది మేడం గిట్ల రాసిన్రు? అందరు వంద రాసిన్రు కద."

"ఇయ్యాల్నే చెప్పిన్రు కద అన్నా. రేపు క్లాసుల చెప్తె కద తెలిసేది."

"రేపటిది రేపు. ఇయ్యాల నేను అప్‌లోడ్ చెయ్యాలె. పోర్టల్ల పడాలె" అన్నాడు. కోపం లేదు, నవ్వుతూనే అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి, ఆమె రాసిన సున్నా ముందు ఒక సున్నా, దాని ముందు ఒకటి పెట్టాడు. పక్కనున్న మాటలు కొట్టేశాడు.

అఖిల చెయ్యి చాచి ఆ కాగితం అతని చేతుల్లోంచి లాక్కుంది. నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. గదిలో అందరూ ఇటు తిరిగారు. అతను గొడవ పెట్టుకుంటాడనే అనుకుంది, పెట్టుకుంటే ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది.

సురేంద్ర చుట్టూ చూసి, సంచిలోంచి ఇంకో ఖాళీ కాగితం తీశాడు.

"ఫికర్ చెయ్యకున్రి మేడం" అన్నాడు. "మీది నేను నింపుకుంట."